చేతుల అలవాటు

"తలుపు తియ్యవే! ఇది ఉద్యోగం వచ్చిన ఇల్లా, మనిషి పోయిన ఇల్లా?"

తల్లి అరచేత్తో తలుపు బాదుతోంది. లోపల్నుంచి ఉలుకూ లేదు, పలుకూ లేదు. ఉన్నవి రెండే గదులు. కూతురు లోపలి గదికి గడియ పెట్టుకునేసరికి మిగిలిన సంసారమంతా ముందుగదిలో ఇరుక్కుపోయింది. పొయ్యి, ఒంటి కుర్చీ, బొత్తాలు కుట్టడానికి దుకాణం నుంచి తెచ్చిన చొక్కాల మూట, ఆ మూట మీద చేతులు కట్టుకుని కూర్చున్న కొడుకు.

"నువ్వైనా పిలవరా. అన్నవి కాదూ?"

"నేను పిలిస్తే ఇంకో గడియ కూడా పెడుతుంది."

కొడుకు స్కూటర్లు బాగుచేసే షెడ్డులో పనిచేస్తాడు. చెల్లెలికి ఉద్యోగం వచ్చిందని తల్లి కబురు పెడితే చేతుల మసి కూడా కడుక్కోకుండా పరిగెత్తుకొచ్చాడు. వచ్చి చూస్తే ఇదీ సంబరం.

నిజానికి తప్పు తల్లిది. పొద్దున ఫోను మోగినప్పుడు పిల్ల స్నానానికి వెళ్లింది. ఈవిడ ఎత్తింది. అద్దాల మేడలో ఉండే ఆ పెద్ద లాయర్ల ఆఫీసు నుంచి ఎవరో అమ్మాయి మర్యాదగా, "మీ అమ్మాయిని మా దగ్గర చేర్చుకుందామనుకుంటున్నాం" అంది. అక్కడిదాకా విన్నది. ఆ తర్వాత ఆ అమ్మాయి ఇంకేదో చెబుతూనే ఉంది గానీ, ఈవిడ అప్పటికే ఫోను పొయ్యి గట్టు మీద పెట్టేసి వీధిలోకి పరిగెత్తింది. పిల్ల తల తుడుచుకుంటూ బయటికి వచ్చేసరికి వీధిలో సగం మందికి తెలిసిపోయింది. పక్కింటావిడైతే, "మా గోడ తగాదా ఇక నీ చేతిలోనే పెడుతున్నానమ్మా" అని కేసు కూడా అప్పగించి వెళ్లింది.

పిల్ల ఆ నంబరుకు తిరిగి ఫోన్ చేసింది. నిలబడే విన్నది. "ఆలోచించుకుని చెబుతానండీ" అంది. లోపలికి వెళ్లి తలుపు వేసుకుంది.

ఈ పిల్లను ఇంట్లో అందరూ ప్లీడరమ్మ అంటారు. మాటలు వచ్చిన నాటి నుంచీ ఒక్క విషయానికి ఊ కొట్టి ఎరగదు. నిద్రపొమ్మంటే ఎందుకు పోవాలో చెప్పమనేది. అన్నం తినమంటే ఆకలి లేనివాళ్లకు అన్నం పెట్టడం న్యాయమేనా అని అడిగేది. వాళ్ల నాన్న కోర్టులో ఆ గొడవంతా కథలుగా చెప్పి నవ్వించేవాడు. చివరికి నిజంగానే లా చదివి, పాసై, నల్లకోటు కొనుక్కుంది.

మూడు రోజుల కిందట ఆ అద్దాల మేడకు ఇంటర్వ్యూకి వెళ్లొచ్చింది. ఎలా జరిగిందే అంటే, "బాగానే" అని ఊరుకుంది. ఏ మాటకైనా పది మాటలు చెప్పే పిల్ల ఒక్క మాటతో ఊరుకున్నప్పుడే వీళ్లు గ్రహించవలసింది. ఎవరూ గ్రహించలేదు.

మధ్యాహ్నం తండ్రి వచ్చాడు. కోర్టు ఆవరణలో లాయర్ల గదులుండే భవనంలో, మెట్ల కింద టీ కాస్తాడాయన. అందరూ టీ మాస్టారంటారు. ఆయన తలుపు కొట్టలేదు. తలుపుకు ఆనుకుని కింద కూర్చుని, "నేనేనమ్మా" అన్నాడు.

గడియ తీసిన చప్పుడైంది.

"చూశారా! తండ్రికైతే తీస్తుంది," అంది తల్లి. "నేను ఇందాకట్నుంచీ గొంతు చించుకుంటున్నా."

పిల్ల గుమ్మంలో నిలబడింది. ఏడ్చిన ముఖం కాదు. ఏడుపును మింగి కూర్చున్న ముఖం.

"అమ్మా, నువ్వు వీధంతా చెప్పావుగా లాయరు ఉద్యోగమని. అది కాదు."

"మరి?"

"వాళ్ల దగ్గరికి పెద్ద పెద్ద కక్షిదారులొస్తారు. వాళ్లను కూర్చోబెట్టాలి. ఏం తాగుతారో కనుక్కుని తెప్పించాలి. మీటింగు గది సర్దించాలి. ఆ పనికి మనిషి కావాలట. దానికో మంచి ఇంగ్లీషు పేరు కూడా ఉంది."

ముందుగా తేరుకున్నది తల్లే.

"అయితే ఏమైంది? చల్లటి గదిలో పని. నలుగురు పెద్దవాళ్ల కళ్లలో పడతావు. ఇవాళ కూర్చోబెట్టే పని ఇచ్చినవాళ్లు రేపు కూర్చునే పని ఇవ్వకపోతారా?"

"ఇవ్వరమ్మా."

"నీకెలా తెలుసు?"

"నాకు తెలుసు."

"అడిగినవాటికి జవాబులు చెప్పలేదా?" అన్నాడు అన్న.

"అన్నిటికీ చెప్పాను. ఒకాయన బావుంది అని కూడా అన్నాడు."

"మరి ఎక్కడ చెడింది?"

పిల్ల తండ్రి వైపు చూసింది. వెంటనే చూపు తిప్పుకుంది. ఆ చూపు అన్నకు కనిపించింది.

"నాన్నను చూస్తావేం? చెప్పు."

"చివర్లో లేచాను. వస్తానండీ అన్నాను. బల్ల మీద వాళ్లు తాగేసిన కప్పులున్నాయి. నలుగురివి." ఆమె ఆగింది. "తీసేశాను."

"తీసేశావా?"

"ఒకదాంట్లో ఒకటి పెట్టి, చెంచాలు పైనున్న కప్పులో వేసి, మోచేత్తో తలుపు తోసుకుని బయటికి వచ్చేశాను. నాకు తెలియనే తెలియదు అన్నయ్యా. వరండాలో వాళ్ల టీ అమ్మాయి ఎదురొచ్చి, ఇదేంటండీ, మీరు తెచ్చారేంటి అంది. అప్పుడు చూసుకున్నా నా చేతులకేసి."

అన్నకు నవ్వొచ్చింది. ఆపుకోబోయాడు గానీ ఆగలేదు, పక్కున నవ్వాడు. రెండు క్షణాలు నవ్వి, చెల్లెలి ముఖం చూసి, నవ్వు గొంతులోనే నొక్కేసుకున్నాడు.

"లోపల ఏమన్నారు?" అన్నాడు మెల్లగా.

"తలుపు మూసుకునే ముందు వినబడింది. అందరూ ఒక్కసారే నవ్వారు. ఎగతాళిగా కాదు. ముచ్చటపడినట్టు."

అదీ సంగతి. ఈ పొరపాటు ఇంకే ఇంటి పిల్లా చేయదు. టీ మాస్టారి పిల్లలు మాత్రమే చేస్తారు. సెలవులొస్తే ఇద్దరూ ఆ మెట్ల కిందే ఉండేవాళ్లు. ఆయన తన వృత్తిలో పట్టుదలగా నేర్పిన పాఠం ఒక్కటే. తాగేసిన కప్పు మనిషి ముందు కనబడకూడదు. కప్పు బల్ల మీద అలాగే ఉంటే టీ ఎంత బాగున్నా తాగినవాడికి చికాకే అనేవాడు. పిల్ల ఒక్క చేత్తో కప్పులన్నీ ఎత్తి, చెంచా కూడా మోగకుండా మెట్లు దిగుతుంటే లాయర్లను పిలిచి మరీ చూపించేవాడు. దాని చేతి ఒడుపు చూడండి సార్ అనేవాడు. ఎంత గర్వపడ్డాడో ఆ రోజుల్లో.

"తాగిన కప్పులు తీస్తే తప్పేంటి?" అంది తల్లి. ఆమె గొంతులో ఇందాకటి ధాటి లేదు. "బుద్ధిమంతురాలు, గర్వం లేని పిల్ల అనుకోవాలి గానీ."

"అలాగే అనుకున్నారమ్మా. అందుకే ఈ పని ఇచ్చారు."

టీ మాస్టారు తలుపు దగ్గర కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఉన్నాడు. తల కొట్టేసినట్టయింది ఆయనకు.

"నేను నేర్పిందేగా," అన్నాడు.

"నిన్నేమన్నా అన్నానా నాన్నా?"

"అనరాదూ."

ఆమె అనలేదు. అంటే ఆయనకు కాస్త తేలిక పడేదేమో.

"నేను వెళ్లి అడుగుతా వాళ్లను," అని అన్న లేచాడు.

"ఏమని? మా చెల్లెలు కప్పులు తీసింది కాబట్టి లాయరుగా పెట్టుకోండి అనా?"

"నీకు వేళాకోళంగా ఉందా? నేను బడి మానేసి షెడ్డులో ఎందుకు చేరాను? నువ్వు చదువుకోవాలనే కదూ! ఇంట్లో ఇద్దరి చదువు నువ్వొక్కదానివే చదివావు. ఆఖరికి కప్పులందుకోవడానికా? ఆ పని నాకూ వచ్చు. నేనే పోయేవాణ్ని."

అనేశాడు. ఆ మాట ఎన్నాళ్లుగా లోపల ఉందో అతనికే తెలియదు. తల్లి చటుక్కున చొక్కా ఒకటి ఒళ్లోకి లాక్కుని సూదిలో దారం ఎక్కించడం మొదలుపెట్టింది. దారం సూదిలోకి వెళ్లలేదు.

"పోనీ పెద్దసారుతో నేను మాట్లాడతా," అన్నాడు తండ్రి చివరికి. "ఆయనకు ఆ ఆఫీసువాళ్లందరూ తెలుసు. నిన్ను ఇంతప్పట్నుంచీ చూసినవాడు."

పెద్దసారంటే ఆ భవనంలోకెల్లా పేరున్న ప్లీడరు. జూనియరుగా ఉన్న రోజుల నుంచీ మాస్టారి టీ తప్ప ఇంకోటి ముట్టడు.

"ఆ బల్ల దగ్గర కూర్చున్న నలుగురిలో ఆయనొకడు నాన్నా. వాళ్లే సలహాకి పిలిపించుకున్నారట."

తండ్రి తలుపుకు ఆనించిన వీపు తీసి నిటారుగా కూర్చున్నాడు.

"నన్ను గుర్తుపట్టి నవ్వాడు కూడా. అందుకే నేను హాయిగా మాట్లాడాను. ఆయనను చూసే కాబోలు, నా చేతులు మన మెట్ల కింద ఉన్నామనుకున్నాయి." ఆమె వచ్చి తండ్రి పక్కన కూలబడింది. "ఆయన దగ్గరికి వెళ్లొద్దు. నేనే వద్దని చెప్పేస్తా. ఇంకో చోట చూసుకుంటా. వెళ్లనని చెప్పు."

"వెళ్లనులే."

"నిజంగా?"

"వెళ్లనన్నాగా."

*

వెళ్లాడు.

వెళ్లకుండా ఎలా ఉంటాడు? సాయంత్రం కోర్టు వదిలాక పెద్దసారు గదికి టీ ఆయనే తీసుకెళ్లాలి, రోజూ వెళ్లేదే. పోనీ టీ ఇచ్చి వచ్చేస్తే సరిపోయేది. కానీ మెట్లెక్కుతున్నంతసేపూ ఒకే వాక్యాన్ని పెదాలతో వల్లించుకున్నాడు. మా అమ్మాయి చదివింది వాదించడానికి సార్, మర్యాదలు చేయడానికి కాదు. కోపం లేకుండా, మెత్తగా, కానీ స్పష్టంగా అనాలి. దారిలో రెండుసార్లు మార్చి మళ్లీ మొదటిదే బాగుందనుకున్నాడు.

"రావయ్యా మాస్టారూ! నీ గురించే అనుకుంటున్నా," అన్నాడు పెద్దసారు కళ్లజోడు తీసి. "ఏమంటోంది మన అమ్మాయి? సంతోషించిందా?"

"అదే సార్, ఆ సంగతే..."

"కూర్చో."

మాస్టారు కూర్చోలేదు. ఆ గదిలో ఆయన ఎన్నడూ కూర్చోలేదు. కూర్చోమని పెద్దసారు ఎన్నిసార్లో అన్నాడు, అది వేరే సంగతి.

"నీ పెంపకమయ్యా అది! మేం నలుగురం ముగ్ధులమైపోయాం. అంత చదువు చదివి, ఆ వినయం చూడు! జూనియరుగా తీసుకుందామనే అనుకున్నారు మొదట. నేనే అన్నా, ఆ పిల్ల మెత్తనిది, ఎదుటివాళ్ల మీద గొంతు లేపి కొట్లాడే పని దాని వల్ల కాదు, నలిగిపోతుంది అని. ఊరికే పంపేయడానికి నాకు మనసొప్పలేదు. ఆ రెండో పని నేనే పట్టుబట్టి ఇప్పించా."

ప్లీడరమ్మ మెత్తనిదట! వీధి కుళాయి దగ్గర నీళ్ల వంతు కోసం పదిమంది ఆడవాళ్లను వాదనలో ఓడించి వచ్చిన పిల్ల!

"కొట్లాడుతుంది సార్. ఇంట్లో మమ్మల్ని బతకనివ్వదు."

పెద్దసారు పెద్దగా నవ్వాడు. "ఇంట్లో అందరూ పులులే. కోర్టు వేరు. మావాడి సంగతి చెప్పానా నీకు? మొన్న మొదటిసారి కేసు చెప్పడానికి నిలబడ్డాడు. జడ్జిగారిని ఏమన్నాడో తెలుసా? అంకుల్ అన్నాడు!"

"అంకులా సార్?"

"చిన్నప్పట్నుంచీ మా ఇంట్లో అలాగే పిలుస్తాడు మరి. నోటికి వచ్చేసింది. కోర్టంతా గొల్లుమంది. జడ్జిగారు కూడా నవ్వాపుకోలేకపోయారు. ఆ సాయంత్రమే ఆ అద్దాల మేడవాళ్లు ఫోన్ చేసి, మీవాడు భలేవాడండీ, మా దగ్గరికి పంపండి అన్నారు. సోమవారం నుంచి చేరుతున్నాడు."

ఆయన అది మాస్టారికి ఒక ముచ్చటగానే చెప్పాడు. అందులో దాచవలసినదేదో ఉందని ఆయనకు తోచనేలేదు. వాడి నోరు వాళ్లింటి అలవాటు చూపించింది, దీని చేతులు వీళ్లింటి అలవాటు చూపించాయి. ఇద్దర్నీ చూసి నవ్వినవాళ్లు దాదాపు ఒకళ్లే. మాస్టారికి అంతా అర్థమైంది. అర్థమైనకొద్దీ ఆ వల్లించుకున్న వాక్యం ఎక్కడికో జారిపోయింది. వెతుక్కున్నాడు. మా అమ్మాయి చదివింది... చదివింది...

"ఏంటో చెప్పబోయావు?"

"మా అమ్మాయి సార్... ఇంకెక్కడన్నా చిన్న జూనియరుగానైనా..."

"ఎందుకయ్యా ఆ కష్టాలు?" పెద్దసారు గొంతు తగ్గించాడు. "చెబితే వింటుంది నీ మాట. నేను అక్కడ మాటిచ్చి ఉన్నా. వద్దంటే నాకు నామర్దా. అన్నట్టు, ఆ మెట్ల కింద ఖాళీ చేయించి బీరువాలు పెట్టాలని మళ్లీ మొదలెట్టారు కుర్ర లాయర్లు. నేనున్నంతవరకూ ఆ మాట ఎత్తొద్దని చెప్పా. నువ్వేం బెంగపెట్టుకోకు."

బెదిరించాలని అన్న మాట కాదది. పెద్దసారు మంచివాడు. అదే వచ్చిన చిక్కు. చెడ్డవాడైతే మాస్టారు ఎదురు తిరిగేవాడేమో.

"రేపే పంపెయ్యి. శుభస్య శీఘ్రం. సరేనా?"

మాస్టారు నోరు తెరిచాడు. ఆ నోటికి ఈ గదిలో ఒక్కటే మాట వచ్చు.

"అలాగే సార్," అన్నాడు.

*

ఇల్లు చేరేసరికి వీధి దీపాలు వెలిగాయి. దారి పొడుగునా ఆయన కూతురికి చెప్పవలసిన జవాబులు కూర్చుకున్నాడు. ఎందుకు వెళ్లావంటే ఇలా చెప్పాలి. నన్నడక్కుండా ఒప్పుకోవడానికి నువ్వెవరివి అంటే ఇలా చెప్పాలి. కొన్నాళ్లేనమ్మా అనాలి. అది కస్సుమంటుంది. అననీ. ఇల్లు పీకి పందిరి వేస్తుంది. వెయ్యనీ. లోపల్లోపల ఆయన కోరుకుంటున్నదీ అదే. అది గట్టిగా అడ్డం తిరిగి చచ్చినా వెళ్లనంటే, ఆ మాటే పట్టుకుని మళ్లీ మెట్లెక్కి, పిల్ల వినడం లేదు సార్ అని చెప్పుకోవచ్చు.

కూతురు గుమ్మంలోనే ఉంది. పొద్దుటి మనిషి కాదు. ముఖం కడుక్కుంది. పక్కన పుస్తకాలు తెరిచి ఉన్నాయి.

"నాన్నా, ఒక మాట! నాతో చదివిన అమ్మాయి ఫోన్ చేసింది. మార్కెట్ వెనక ఒక పెద్దావిడ ఉందట, లాయరు. గది చిన్నదే. ముసలితనం వల్ల తిరగలేకపోతోందట, జూనియరు కావాలంటోంది. నేను మాట్లాడాను. ఫోన్లోనే ఒక సెక్షన్ మీద నాతో గొడవ పెట్టుకుంది నాన్నా! అరగంట సేపు! చివరికి, నువ్వు మొండిదానిలా ఉన్నావే, రేపు పొద్దున్నే రా అంది."

ఆమె నవ్వుతోంది. లోపల తల్లి కూడా ఏమీ అనకుండా బొత్తాలు కుడుతోంది. అంటే ఆవిణ్ని కూడా వాదించి ఒప్పించేసిందన్నమాట. అన్న నేల మీద కూర్చుని చెల్లెలి బూట్లకు పాలిష్ పెడుతున్నాడు. మధ్యాహ్నం తను అనేసిన మాటకు అదే అతను చెప్పుకోగలిగిన క్షమాపణ.

"రేపు... పొద్దున్నేనా?" అన్నాడు మాస్టారు.

"అవును. ఏం?"

ఆయన చెప్పులు విప్పడానికి వంగాడు. విప్పాక కూడా లేవలేదు.

కూతురి నవ్వు ఆగిపోయింది.

"వెళ్లావా నాన్నా?"

ఆయన విప్పిన చెప్పులనే మళ్లీ గోడ వారకు సర్దాడు.

"నేనింత చెప్పినా వెళ్లావా? ఏమన్నాడు?"

"మాటిచ్చానన్నాడమ్మా. నీ మంచి కోసమే అన్నాడు."

"నువ్వేమన్నావు?"

పాలిష్ పెడుతున్న అన్న చెయ్యి ఆగింది. లోపల తల్లి దారం కొరకబోయి ఆగింది. మాస్టారు ముఖం ఎత్తలేకపోయాడు.

"అలాగే సార్ అన్నావు," అంది కూతురు. అది ప్రశ్న కాదు.

ఆమె పక్కనున్న పుస్తకంలో ఒక పేజీ తిప్పింది. తర్వాత, "మెట్ల కింద చోటు సంగతి ఎత్తాడా?" అని అడిగింది.

"ఊరికే. మాటల్లో వచ్చింది."

"మాటల్లో వచ్చిందా?"

"ఆయన అలాంటి వాడు కాదమ్మా. నిజంగానే మాటల్లో వచ్చింది."

ఇప్పుడు మొదలవుతుందనుకున్నాడాయన. భుజాలు దగ్గరికి తీసుకుని కాచుక్కూర్చున్నాడు. కూర్చుకున్న జవాబులన్నీ నోటి చివర ఉన్నాయి. అంత గర్వంగా కోర్టంతా చెప్పుకున్న ఆ నోరు ఒక్కసారి తన మీద లేస్తే చాలు. అన్న కూడా ఆమెకేసే చూస్తున్నాడు, అనవే, అను అన్నట్టు.

కూతురు వంగి పుస్తకాలు ఒక్కొక్కటే మూసింది. ఫోను తీసి, మార్కెట్ వెనక పెద్దావిడకు కాబోలు, రెండు ముక్కలు రాసి పంపింది.

"తిట్టవే," అన్నాడు మాస్టారు. "తిట్టవే నన్ను. ఏదో ఒకటి అనవే తల్లీ."

కూతురు లేచి, చీర కుచ్చిళ్లకు అంటిన దుమ్ము దులుపుకుంది.

"రేపు ఎన్నింటికి రమ్మన్నారు నాన్నా?" అని అడిగింది.